‘మా పరిధి కాదు’

ఏటా నవంబరు 18 నుంచి 24 దాకా యాంటీబయాటిక్‌ల మీద అవగాహన వారం. బ్యానర్ పట్టుకున్న నర్సింగ్ పిల్లలు, మధ్యలో ఓ అధికారి, ఒక ఫొటో. ఈ ఏడూ ఆ ఫొటో మా పత్రిక ఆఫీసుకు వచ్చింది. వేయమని రెండుసార్లు ఫోను కూడా వచ్చింది.

ఒడిశా పర్లాకిమిడిలో మందుల షాపువాడు యాంటీబయాటిక్‌కు డాక్టర్ చీటీ అడిగితే రోగి ఆటో ఎక్కి హద్దుకు ఇవతల, ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వస్తాడు. ఇక్కడ అడిగితే అక్కడికి పోతాడు. నిజానికి ఆటో ఖర్చు కూడా అక్కర్లేదు, అడిగేవాడెవడు? ఇదేమిటని ఇటువైపు అధికారులను అడిగితే అది ఒడిశా సంగతి అంటారు. అటు అడిగితే ఆంధ్రా నుంచి వచ్చే సరుకు అంటారు. ఇద్దరిదీ ఒకటే జవాబు: మా పరిధి కాదు.

అడ్డగోలుగా యాంటీబయాటిక్ మింగితే మందుకు లొంగని సూక్ష్మజీవులే మిగిలి పెరుగుతాయి. సూక్ష్మజీవికి ఈ పరిధి తెలియదు. రాష్ట్రాల హద్దు సరే, జాతుల హద్దే దానికి లెక్క లేదు. బ్యాక్టీరియాలో అసలు జన్యు పదార్థం కాక విడిగా తిరిగే చిన్న డీఎన్‌ఏ వలయాలు ఉంటాయి. వాటిని ప్లాస్మిడ్‌లంటారు. మందును తట్టుకునే జన్యువు చాలాసార్లు ఉండేది వీటి మీదే. ఒక బ్యాక్టీరియా సన్నటి గొట్టంలాంటి పోగు చాచి పక్కదాన్ని పట్టుకుంటుంది, ప్లాస్మిడ్‌కు నకలు తీసి అందిస్తుంది. పక్కింటికి చెంచాడు తోడు ఇస్తే మన కుండలో పెరుగు తరగదు కదా, ఇదీ అంతే. ఇచ్చినదానికి తరగదు, పుచ్చుకున్నది తన పిల్లలకూ పంచుతుంది. పుచ్చుకునేది అదే జాతిది కానక్కర్లేదు. మన పేగుల్లో ఏ హానీ చేయకుండా బతికే ఈ-కోలై, దారిన పోయే విరేచనాల క్రిమికి ఈ కానుక ఇవ్వగలదు.

ఇది నిన్న మొన్న తెలిసిన విషయమూ కాదు. 1950ల్లో జపాన్‌లో రక్త విరేచనాల క్రిమి షిగెల్లా ఒకేసారి నాలుగు మందులకు లొంగకుండా పోయింది. ఒక్కో మందుకు ఒక్కో మార్పు చొప్పున నాలుగూ దానంతట అదే ఎలా తెచ్చుకుంటుందని అక్కడివాళ్లు తల పట్టుకున్నారు. షిగెల్లానూ ఈ-కోలైనూ కలిపి పెంచితే ఆ శక్తి మొత్తం కట్టగా ఒకదాన్నుంచి ఒకదానికి పోతోందని 1959లో తేలింది. అసలు ప్రమాదం ఆ కట్టలోనే ఉంది. ఒక్క ప్లాస్మిడ్ మీద నాలుగైదు మందులకు జవాబు ఉండొచ్చు. కాబట్టి ఒక మందును చీటికీ మాటికీ మింగితే, మనం ముట్టుకోని మందులు కూడా చేజారతాయి. జలుబుకు కొన్న బిళ్ల రేపు బాలింతకు పెట్టాల్సిన సూదిమందును పనికిరాకుండా చేయొచ్చు.

డాక్టర్ లేని కొండ ఊళ్లలో షాపువాడు, ఆర్‌ఎంపీయే దిక్కు అనేవాళ్లున్నారు. నిజమే. కానీ పట్టణం నడిబొడ్డున, ఆస్పత్రి గేటుకు ఎదురుగా ఉన్న షాపుకు ఆ సాకు వర్తించదు.

చట్టం లేదా? ఉంది. 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అమల్లో ఉంది. సెఫిక్సిమ్, మెరోపెనెమ్ లాంటి 46 మందులు అమ్మితే రాసిన డాక్టర్ పేరు, రోగి పేరు, ఎంత ఇచ్చారో రిజిస్టర్‌లో ఎక్కించాలి, మూడేళ్లు దాచాలి. కోళ్లకు, చేపలకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని 2019లో నిషేధించారు. అవి కాగితం మీద ఎంత ముచ్చటగా ఉన్నాయో! ఆ రిజిస్టర్ తెరిచి చూడటం మాత్రం ఎవరి పరిధీ కాదు.

ఈ తప్పించుకునే గుణం పైనుంచే దిగింది. 2008లో స్వీడన్‌లో ఓ రోగిలో దొరికిన, మందులను తట్టుకునే జన్యువుకు ఎన్‌డీఎం-1 అని పేరు పెడితే, అందులో న్యూఢిల్లీ ఉందని మన పెద్దలు మండిపడ్డారు. 2011లో ఢిల్లీలో 50 కుళాయి నీటి నమూనాల్లో 2, వీధుల్లో నిలిచిన మురుగు నీటివి 171లో 51 ఆ జన్యువుతో దొరికాయని అధ్యయనం చెప్పింది. పేరు మీద చూపిన రోషంలో పావు వంతు నీళ్ల మీద చూపారా? మన మహేంద్రతనయ నది పర్లాకిమిడి మీదుగా వచ్చి వంశధారలో కలుస్తోంది. పట్టణాల మురుగు ఏటిలోకే పోతుంది. ఆ నీటిని ఏ పరిధి కింద రాస్తారు?

రెండు వైపుల ఔషధ తనిఖీ అధికారులు ఒక్క రోజు ఒకే జీపులో బయల్దేరండి. పాతపట్నంలో మొదలుపెట్టి పర్లాకిమిడి దాకా హెచ్1 రిజిస్టర్లు తెరిపించండి. రాయనివాళ్లు ఎందరో లెక్క బయటపెట్టండి, మొదటి పేజీలో వేస్తాం. అది చేయకుండా వచ్చే నవంబరులో మళ్లీ బ్యానర్ ఫొటో పంపకండి. దాన్ని అచ్చు వేయడం మా పరిధి కాదు.