కత్తి పట్టినవాడు కాస్త నవ్వాలి

మళ్లీ ఒక చారిత్రక సినిమా టీజర్. మళ్లీ బూడిద, నెత్తురు, గర్జన. విడుదల రోజు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో కటౌట్లకు, పాలాభిషేకాలకు కొదవుండదు. హాలు దాటి బయటికొచ్చాక మాత్రం ఒక్క కత్తియుద్ధమూ గుర్తుండదు. పాత జానపదాల్లోవి ఎందుకు గుర్తుంటాయి? ఎందుకంటే అక్కడ పోరాడే మనిషి నిలువునా కనిపిస్తాడు.

1938 నాటి హాలీవుడ్ రాబిన్‌హుడ్ చూడండి. ఎరాల్ ఫ్లిన్, బాసిల్ రాత్‌బోన్ కోటలో తలపడుతూ తెర దాటి పక్కకు పోతారు. కాసేపు స్తంభం మీద వాళ్ల నీడలే కొట్టుకుంటాయి. 1952లో వచ్చిన స్కారమూష్‌లో పోరు నాటకశాలలోనే. బాల్కనీ అంచు, మెట్లు, సీట్లు, చివరికి స్టేజీ... ఆరు నిమిషాలకు పైగా సాగుతుంది. ఎవడు అలిసిపోయాడో, ఎవడి కాలు తడబడిందో మనకే తెలుస్తుంటుంది. మన కాంతారావుకు ‘కత్తి’ ఇంటిపేరైపోయింది ఊరికే కాదు. కోట అట్టదని తెలుస్తూనే ఉంటుంది. అయినా ఆయనా, రాజనాలా కత్తికి కత్తి ఆనించి, మొహాలు దగ్గరికి తెచ్చి, ఓ డైలాగు విసురుకుని తోసుకుంటే అదీ టెన్షన్! ఇప్పుడు ఒక్క వేటుకు వందమంది స్లో మోషన్‌లో ఎగిరిపడతారు. ఓడిపోతాడన్న భయమే లేనివాడి యుద్ధం ఎందుకు చూడాలి?

పాతవాటిలో రాకుమారికి ఎత్తుకుపోబడటం తప్ప పెద్ద పనేం ఉండదంటారు. చాలావాటి విషయంలో నిజమే. గ్రాఫిక్స్ లేకుంటే మాహిష్మతి లేదంటారు. అదీ ఒప్పుకుంటాను.

కానీ అసలు జబ్బు గ్రాఫిక్స్ కాదు, అతిభక్తి. ఇప్పటి హీరోకు కత్తికన్నా ముందు వంశం కావాలి, జాతి గౌరవం కావాలి. షూటింగ్ పూర్తికాకముందే ‘మా రాజును వక్రీకరించారు’ అని ఓ సంఘం కోర్టుకెక్కుతుంది. దర్శకుడు జంకి, హీరో మొహాన నవ్వే లేకుండా చేస్తాడు. ప్రతి అడుగూ విగ్రహావిష్కరణే. 1951 నాటి పాతాళభైరవిలో తోటరాముడికి ఏ వంశం ఉంది? తోటమాలి కొడుకు, రాకుమారి కోసం కోటలోకి చొరబడ్డాడు. పేరుకు ఉజ్జయినే గానీ అది కథల్లోని ఉజ్జయిని. అందుకే రాజుగారి బావమరిది శూరసేనుణ్ణి రేలంగి చేత హాయిగా వెర్రివెంగళప్పను చేయించగలిగారు. ఇవాళ ఏ రాజుగారి బావమరిదినైనా అలా చూపించి, గొడవల్లేకుండా రిలీజ్ చేసుకోండి చూద్దాం.