ఆటకు ముందు అప్పగింతలు

తిరుపతి బైరాగిపట్టెడలో మా పై వాటాలో ఉండే ఇంజినీరింగ్ కుర్రవాడు మహత్కార్యం సాధించాడు. విండోస్‌కు బదులు లినక్స్ నడిచే కంప్యూటర్‌లో వర్చువల్ మెషీన్, అంటే సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఉత్తుత్తి కంప్యూటర్ పెట్టి, దానిలో విండోస్ వేసి, తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డును నేరుగా ఆ విండోస్‌కే అప్పగించాడు. ఎందుకయ్యా అంటే, విండోస్‌లో ఆడవలసిన ఆటను విండోస్‌లో ఆడటానికి. విండోస్‌నే సూటిగా వేసుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. లినక్స్ వాడేవాడి పరువు సంగతి మీకేం తెలుసు?

ఈ యజ్ఞానికి మామూలుగా ఒక కార్డు చాలదు. లినక్స్ తెరకు ఒకటి, విండోస్‌కు ధారపోయడానికి ఇంకొకటి. కంప్యూటర్ లేవగానే మొదట నడిచే బయాస్‌లో ఐఓఎంఎంయూ తెరవాలి, అంటే ఏ పరికరం ఏ మెమరీని తాకవచ్చో చూసే ద్వారపాలకుణ్ణి లేపాలి. పరికరాలను నడిపే లినక్స్ డ్రైవర్ కార్డు మీద చేయి వేయకముందే, వాటిని వర్చువల్ మెషీన్‌కు అప్పగించే లినక్స్ భాగం వీఎఫ్ఐఓ దాన్ని పట్టుకోవాలి. 2012లో లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ 3.6తో పాటు ఈ వీఎఫ్ఐఓ వచ్చినప్పటి నుంచీ ఎందరో యువకుల నిద్ర దానికే అంకితం. పైగా ఒక ఐఓఎంఎంయూ గ్రూపులో ఉన్న పరికరాలను విడదీయడానికి వీల్లేదు, కలిపే పంపాలి. తిరుపతిలో కాపురం ఉన్నవారికి ఇది వివరించనక్కర్లేదు: దర్శనానికి ఒక్క బావగారిని రమ్మంటే టెంపోలో ఊరంతా దిగుతుంది.

అలాగే మనవాడి కార్డు వెంట యూఎస్‌బీ కంట్రోలర్ కూడా బయలుదేరింది. దానితో కీబోర్డు, మౌసు. మే నెల మధ్యాహ్నం, క్యాబినెట్ పక్క తలుపు ఊడదీసి టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టారు. తెర నల్లబడింది. విండోస్ లేవలేదు. లినక్స్ బతికే ఉంది, కానీ దానికి ఒక్క ముక్క చెప్పడానికి కీబోర్డు లేదు. మజ్జిగ తెచ్చిన వాళ్ల అవ్వ అడిగింది:

"కరెంటు పోయిందా నాయనా?"

"లేదవ్వా, కార్డు పంపించాను."

"మరి ఎప్పుడొస్తుంది?"

ఆ ప్రశ్నకు జవాబు అతని దగ్గర లేదు. మంచం మీద కూర్చుని, ఫోను నుంచి, దూరాన ఉన్న కంప్యూటర్‌కు ఆదేశాలిచ్చే ఎస్ఎస్‌హెచ్‌తో, మూరెడు దూరంలో ఉన్న తన కంప్యూటర్‌లోకి పరదేశం నుంచి వచ్చినవాడిలా ప్రవేశించాడు. అవ్వ ఆ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. కార్డు వెనక మానిటర్ ఉన్నట్టు నటించే బొటనవేలంత ప్లగ్గు ఒకటి గుచ్చి ఉంది. "ఇది దేనికి?" అంది. "తెర లేకపోయినా ఉందని కార్డును నమ్మించడానికి." ఆవిడ ఇంకేమీ అడగలేదు.

చివరికి పని జరిగింది, నిజం చెప్పాలి. ఆట విండోస్‌లో నేరుగా వేసినంత వేగంగా పరుగెత్తింది. కుర్రవాడి ముఖం వెలిగింది. అప్పుడు ఆటలో మోసగాళ్లను పట్టే కాపలా ప్రోగ్రాం ఇది వర్చువల్ మెషీన్ అని పసిగట్టి బయటికి నెట్టింది.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. కార్డు అతనిది, కరెంటు బిల్లు అతని తండ్రిది, ఆట డబ్బు పెట్టి కొన్నది. ఏ పెట్టెలో ఆడాలో చెప్పడానికి ఈ ఆట అమ్మినవాళ్లెవరు? ఇది కొత్త రోగం కూడా కాదు. ఎన్విడియా కంపెనీ జీఫోర్స్ కార్డుల డ్రైవర్ ఒకప్పుడు వర్చువల్ మెషీన్ వాసన తగిలితే కోడ్ 43 అనే లోపం చూపి పని మానేసేది. కార్డు చెడిపోయిందా? లేదు, అలిగింది. సొంత యంత్రం గుర్తును సొంత కార్డుకు కనబడకుండా దాచి ఆడుకున్నారు జనం. 2021లో ఆ కంపెనీయే అనుమతి ప్రకటించింది. అనుమతి! మనం కొన్నదానికి!

మోసగాళ్లున్నారు, కాదనను. బయటి లినక్స్ నుంచి లోపలి విండోస్ మెమరీని చదివి గెలిచేవారు ఉన్నారు. దానికి శిక్ష ఎవరికి? అందరికీ. పైగా కొన్ని కాపలా ప్రోగ్రాములకు విండోస్ కెర్నెల్ స్థాయిలోనే ఆసనం కావాలట. మన యంత్రంలో మనకన్నా లోతుగా వాళ్లు కూర్చుంటారు, కానీ మన విండోస్‌ను మనం ఒక పెట్టెలో పెట్టుకుంటే మనమే దొంగలం. ఇంత నమ్మకం లేనివాళ్లు అమ్మడం దేనికి? వర్చువల్ మెషీన్‌లో ఆడనివ్వం అని ధర పక్కనే, ధర ఉన్నంత పెద్ద అక్షరాలతో రాయండి. రాయలేకపోతే ఆ కుర్రవాడి డబ్బు వెనక్కి ఇవ్వండి.