బొజ్జ లేని గణపయ్య

వినాయక చవితికి పెట్టే భారీ విగ్రహాలు భక్తి పెరిగిందనడానికి గుర్తని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. ఆ మాట నాకు సగమే నచ్చింది. ఖైరతాబాదులో 1954లో ఒక్క అడుగుతో మొదలైన గణపతి 2024కి 70 అడుగులయ్యాడు, నిజమే. నాకు అంతకంటే పెద్ద మార్పు మట్టిలో కనిపిస్తుంది. 2022లో అక్కడ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ మానేసి తొలిసారి 50 అడుగుల విగ్రహాన్ని మట్టితో చేశారు. హుస్సేన్‌సాగర్‌ను పాడుచేయడమూ పాపమేనన్న భావన మెల్లగా మండపందాకా వచ్చింది (కోర్టు ఆంక్షల చలవ కూడా కొంత ఉందనుకోండి).

ఇంకో మార్పు మాత్రం నాకు మింగుడుపడటం లేదు. నిరుడు విగ్రహం కోసం ధూల్‌పేట వెళ్లాను. ఒక కుర్రవాడు ఫోనులో బొమ్మ చూపించి, కండలు తిరిగిన గణపతి కావాలని అడుగుతున్నాడు. కళ్లు దిద్దుతున్న పెద్దాయన కుంచె ఆపి, "బొజ్జ లేకపోతే వినాయకుడెలా అవుతాడు బాబూ?" అన్నాడు. అని, అడ్వాన్సు తీసుకున్నాడు! ఉండ్రాళ్లు తినే దేవుణ్ణి వ్యాయామశాలకు పంపుతున్నాం. వరాలిచ్చే దేవుడికంటే పోట్లాడే దేవుడే ఈ తరానికి కావాలేమో.

నేను జానెడు మట్టి గణపతిని, బొజ్జతో సహా, తెచ్చుకున్నాను. బాల్కనీలో బకెట్టులోనే నిమజ్జనం చేసి, ఆ మట్టిని తులసి కుండీలో పోశాం.