22 శ్రుతుల మాడ్యూల్ కొన్నంత మాత్రాన గమకం రాదు

సంగీతం గ్రూపుల్లో మళ్ళీ అదే మెసేజ్ తిరుగుతోంది. "మామూలు కీబోర్డులో కర్ణాటక సంగీతం పలకదు. మైక్రోట్యూనింగ్ ఉన్న సౌండ్ మాడ్యూల్ కొనండి, 22 శ్రుతులూ గమకాలతో సహా వస్తాయి. ట్యూనింగ్ ఎంత సూక్ష్మమైతే సంగీతం అంత శుద్ధం. పాత ఎఫ్ఎం మాడ్యూళ్ళు దండగ. పిచ్ బెండ్ ఆటబొమ్మ." (22 శ్రుతులంటే ఒక స్థాయిలో ఉన్నాయని చెప్పే సూక్ష్మ స్వరస్థానాలు; గమకం అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం; మైక్రోట్యూనింగ్ అంటే స్వరాలను అతి చిన్న తేడాలతో సర్దుకోవడం; సౌండ్ మాడ్యూల్ అంటే కీబోర్డుకు తగిలించే ధ్వనుల పెట్టె; ఎఫ్ఎం అంటే ఎలక్ట్రానిక్‌గా ధ్వనిని పుట్టించే ఒక పద్ధతి; పిచ్ బెండ్ అంటే మోగుతున్న స్వరాన్ని పైకీ కిందికీ లాగే వీల్.) మిత్రులు వరసపెట్టి పంపుతున్నారు. పిల్లల కోసం కొనబోతున్న తల్లిదండ్రులు నిజమేనా అని అడుగుతున్నారు.

సూక్ష్మత సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. 1987లో వచ్చిన యమహా టీఎక్స్81జెడ్ అనే ఎఫ్ఎం మాడ్యూల్ స్థాయిని (షడ్జమం నుంచి పై షడ్జమం దాకా) 768 భాగాలు చేస్తుంది, అంటే ఒక్కో భాగం సుమారు ఒకటిన్నర సెంట్లు (కీబోర్డులో పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు). కదిలే స్వరంలో అంతకంటే చిన్న తేడా ఎవరి చెవికి అందుతుంది? పాత ఎఫ్ఎం దండగన్న మాటకూ ఇదే జవాబు. ఆ మాడ్యూల్లో కీబోర్డులోని ప్రతి మెట్టునూ విడిగా ట్యూన్ చేసుకోవచ్చు. ముందున్న చిన్న బటన్లతో చేయడం విసుగే, కానీ కంప్యూటర్ నుంచి ట్యూనింగ్ టేబుల్ (ఏ మెట్టు ఏ శ్రుతిలో మోగాలో చెప్పే పట్టిక) పంపుకోవచ్చు.

అసలు హాని "గమకాలతో సహా" అన్న మాటలో ఉంది. ట్యూనింగ్ టేబుల్ స్వరం ఎక్కడ నిలవాలో చెబుతుంది. గమకం నిలవదు. తోడి గాంధారం రిషభం నుంచి మధ్యమం అంచు దాకా ఊగాలి. ఆ గాంధారాన్ని ఏ సెంటు దగ్గర పెట్టినా, నొక్కి ఊరుకుంటే తోడి వినిపించదు. పోనీ 22 శ్రుతులూ కావాలంటే ఎక్కడ పెడతారు? రోలాండ్ సౌండ్ కాన్వాస్ లాంటి మాడ్యూళ్ళలో స్కేల్ ట్యూనింగ్ 12 స్వరాలకే, అదీ అటూ ఇటూ సుమారు 64 సెంట్ల లోపు. మెట్టుకో శ్రుతి చొప్పున పరిస్తే 61 మెట్ల కీబోర్డులో మూడు స్థాయిలు కూడా రావు. సరళీ వరసలతో కుదురుకున్న వేళ్ళు మళ్ళీ మొదటికి రావాలి. ఇంత చేసినా స్వరం మెట్టు నుంచి మెట్టుకు దూకుతుందే తప్ప జారదు. ఇది పిల్లలకు నేర్పేవాళ్ళు ఫార్వర్డ్ చేయాల్సిన మాటేనా?

పాలకొల్లు నుంచి వచ్చిన మాండలిన్ శ్రీనివాస్ వాయించింది కూడా మెట్లున్న పాశ్చాత్య వాద్యమే. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకం పలికించింది తీగను లాగే వేలితో. కీబోర్డులో ఆ వేలి పని చేసేది ఈ మెసేజ్ ఆటబొమ్మ అంటున్న పిచ్ బెండే. మిడిలో (కీబోర్డులూ మాడ్యూళ్ళూ మాట్లాడుకునే డిజిటల్ భాష) దానికి 16,384 స్థానాలున్నాయి. కర్ణాటక సంగీతంలో ఒకసారికి ఒకే స్వరం కాబట్టి దాని పెద్ద లోపం కూడా మనకు అంతగా అడ్డు రాదు. ఆ లోపమేమిటంటే, బెండ్ ఒక చానెల్‌లో (మాడ్యూల్లో ఒక వాద్యానికి కేటాయించిన దారి) మోగుతున్న స్వరాలన్నిటినీ కలిపి లాగుతుంది. తంబురాను వేరే చానెల్‌లో పెడితే సరిపోతుంది.

ఒక విషయంలో మాత్రం మెసేజ్ పక్షాన నిలబడతాను. మాయామాళవగౌళలో అంతర గాంధారాన్ని తంబురా మీద చాలాసేపు నిలిపినప్పుడు మామూలు ట్యూనింగ్ నిజంగానే బాధిస్తుంది. తంబురా తీగలోనే పలికే గాంధారం షడ్జమం నుంచి 386 సెంట్ల దగ్గర ఉంటే, కీబోర్డుది 400 దగ్గర. ఆ తేడాను పిచ్ బెండ్ వీల్‌తో అంతసేపు సరిగ్గా పట్టి ఉంచడం చాలా కష్టం. అక్కడ టేబుల్ కావాలి. సరిచేసి విన్నాక పాతది వినబుద్ధి కాదు.

కాబట్టి కొనేముందు షాపులోనే చూడండి. ఒక చానెల్‌లో తంబురా, ఇంకోదాంట్లో వీణో వేణువో పెట్టి గాంధారం లాగండి. తంబురా కూడా కదిలితే ఆ మాడ్యూల్ వద్దు. తర్వాత శ్రుతిని (ఆధార షడ్జమాన్ని) ఒకటి (సి) నుంచి ఐదున్నరకు (జి షార్ప్) మార్చి, టేబుల్ కూడా షడ్జమంతో పాటు జరిగిందో లేదో వినండి. జరగకపోతే పాడేవాళ్ళ శ్రుతి మారిన ప్రతిసారీ కొత్త టేబుల్ ఎక్కించాల్సి వస్తుంది.