సబ్జెక్టు వస్తే చాలునన్న సందేశానికి జవాబు

కొన్ని వారాలుగా అధ్యాపకుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. హనుమకొండలో నేను సభ్యుడిగా ఉన్న మూడు గ్రూపులకూ అది వచ్చింది, రెండింటిలో చప్పట్లు కూడా అందుకుంది. డిజిటల్ బోధనలోను, కోర్సుల పునర్నిర్మాణంలోను విశ్వవిద్యాలయ అధ్యాపకులకు శిక్షణ ఇవ్వడం వృథా అని అందులోని వాదన. అందుకు ఐదు కారణాలు చూపారు. ఈ కోర్సులు పదోన్నతి సర్టిఫికెట్ల కోసమే నడుస్తున్నాయట. ఆన్‌లైన్ చదువు సంగతి కరోనా రోజుల్లోనే తేలిపోయిందట. సబ్జెక్టు వచ్చినవారికి చెప్పడం ఎవరూ నేర్పనక్కరలేదట. మంచి వీడియోలు ఇప్పటికే ఉన్నాయట. మన తెలుగు మీడియం పిల్లలకు ఇవేవీ అక్కరకు రావట. డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్లుగా స్టాటిస్టిక్స్ చెబుతున్నవాడిగా నాకు వీటిలో మొదటిదానిలో సగం నిజం కనిపిస్తుంది, మిగిలినవి నిలవవు.

ఆ సగం నిజాన్ని ముందే ఒప్పుకుంటాను. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం పదోన్నతికి ఓరియెంటేషన్, రిఫ్రెషర్ కోర్సులు కావాలి కాబట్టి, లింకు తెరిచి, కెమెరా ఆపి, ఇంట్లో పని చేసుకుంటూ వారం గడిపి సర్టిఫికెట్ తెచ్చుకున్నవారు మనలో ఉన్నారు. ఒకసారి నేనూ ఆ పనే చేశాను. అయితే 1986 జాతీయ విద్యా విధానం తరువాత అకడమిక్ స్టాఫ్ కాలేజీలుగా మొదలై, 2023 నుంచి మాలవీయ మిషన్ పేరుతో నడుస్తున్న ఈ శిక్షణ వ్యవస్థలో లోపం ఉంటే దిద్దవలసింది దాని తీరునే. చివరి రోజున హాజరు పట్టికకు బదులు, అధ్యాపకుడు తిరగరాసిన ఒక యూనిట్‌ను అడగడం మొదలుపెడితే నాలాంటి కెమెరా ఆపినవాళ్లు ఆ రోజే దొరికిపోతారు.

కరోనా వాదన చూడడానికి బలంగా ఉంటుంది, ఎందుకంటే ఆ రోజుల చేదు అందరికీ గుర్తుంది. 2020 మార్చి చివర లాక్‌డౌన్ వచ్చినప్పుడు మనం చేసింది గది పాఠాన్ని ఉన్నదున్నట్టుగా తెర మీదికి ఎక్కించడమే: యాభై నిమిషాల ఉపన్యాసం, నల్లని చతురస్రాల్లో అరవై పేర్లు, మధ్యమధ్య "సార్, వినిపించడం లేదు" అనే గొంతు. దానికీ ప్రణాళికతో తయారైన ఆన్‌లైన్ కోర్సుకూ తేడా ఉందని గుర్తించిన అమెరికా విద్యా సాంకేతిక నిపుణులు కొందరు ఆ నెలలోనే దానికి "అత్యవసర దూరబోధన" అని వేరే పేరు పెట్టారు; పూర్తి ఆన్‌లైన్ కోర్సు ఒకటి సిద్ధం కావడానికి మామూలుగా ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుందని కూడా వారు రాశారు. మనకు దొరికింది వారం. తొమ్మిది నెలల పని వారంలో చేసి, అది కుదరలేదు కాబట్టి ఆ పనే దండగ అనడం ఏ లెక్క ప్రకారం?

సబ్జెక్టు వస్తే చాలునన్న మూడో మాట దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మనలో చాలామంది పైకి అనకపోయినా లోపల నమ్మేది దీన్నే. విజ్ఞాన, ఇంజినీరింగ్, గణిత కోర్సుల మీద జరిగిన 225 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2014లో అమెరికాలో ప్రచురించిన విశ్లేషణలో, ఉపన్యాసం మాత్రమే విన్న తరగతుల్లో విద్యార్థులు పరీక్ష తప్పే అవకాశం, తరగతిలో పనిచేస్తూ నేర్చుకున్నవారితో పోలిస్తే ఒకటిన్నర రెట్లు ఉందని తేలింది. ఇంతకంటె నన్ను కలవరపెట్టింది 2019లో హార్వర్డ్ భౌతికశాస్త్ర తరగతుల్లో జరిగిన ప్రయోగం. చేస్తూ నేర్చుకున్న విద్యార్థులు పరీక్షలో ఎక్కువ నేర్చుకున్నట్టు తేలారు కానీ, తమకు తక్కువే అర్థమైందని వారు అనుకున్నారు. ధారాళమైన ఉపన్యాసం విన్నవారు బాగా అర్థమైందని అనుకున్నారు, నేర్చుకున్నది మాత్రం తక్కువ. అంటే "సార్ బాగా చెబుతారు" అని ఫీడ్‌బ్యాక్ ఫారంలో వచ్చే మాట, దాన్ని నమ్ముకుని మనం పెంచుకునే ధీమా, పిల్లలు ఏం నేర్చుకున్నారో చెప్పే సాక్ష్యం కాదు.

ఈ ధీమా నాకూ ఉండేది. అంకెల్లో కనిపించే తేడా నిజమైనదా కాదా అని తేల్చే పరికల్పన పరీక్షల యూనిట్‌ను ఏళ్ల తరబడి ఒకే వరుసలో చెప్పాను: నిర్వచనం, సూత్రం, రెండు లెక్కలు. ఇంటర్నల్స్‌లో లెక్క చేసేవారు, కానీ "శూన్య పరికల్పనను (తేడా ఏమీ లేదన్న ఊహను) తిరస్కరించాం అంటే ఏమిటి?" అని అడిగితే తెల్లముఖం వేసేవారు. ఒక శిక్షణలో వరుస తిప్పమన్నారు: యూనిట్ ముగిసేసరికి విద్యార్థి ఏం చేయగలగాలో ముందు రాయండి, అది వచ్చిందో లేదో ఏ ప్రశ్నతో తెలుస్తుందో తరువాత రాయండి, పాఠాన్ని చివరన రాయండి అన్నారు. ఇప్పుడు ఆ యూనిట్ ఎనుమాముల మార్కెట్ పత్తి ధరలతో మొదలవుతుంది. రెండు నెలల ధరలు పిల్లలే సేకరించి, సగటులో తేడా నిజమైనదా, యాదృచ్ఛికమా అని వాదించుకుంటారు. సూత్రం ఆ వాదన తేల్చడానికి వస్తుంది. ముందురోజు రాత్రి గూగుల్ ఫారంలో ఎనిమిది ప్రశ్నలు పంపుతాను, ఎక్కువమంది తప్పిన ప్రశ్న దగ్గరే మర్నాడు తరగతి మొదలవుతుంది. ఇందులో నేను కొత్తగా నేర్చుకున్న స్టాటిస్టిక్స్ ఒక్క ముక్క లేదు.

వీడియోలున్నాయి కదా అన్నదానికి జవాబు చిన్నది. ఉన్నాయి, చాలా మంచివి కూడా ఉన్నాయి. సెమిస్టరులో 40 శాతం వరకు కోర్సులను కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక "స్వయం" ద్వారా చదవడానికి యూజీసీ 2021లోనే అనుమతించింది. కానీ ఒక ఆన్‌లైన్ వేదికలో 69 లక్షల వీక్షణలను పరిశీలించి 2014లో వెలువరించిన అధ్యయనంలో, వీడియో ఎంత పొడవైనా విద్యార్థులు చూసే సమయపు మధ్యగతం, అంటే సగం వీక్షణలు మించని సమయం, ఆరు నిమిషాలు దాటలేదు. ఏ ఆరు నిమిషాలు చూపాలి, ముందు ఏం అడగాలి, చూశాక ఏం చేయించాలి అన్నది ఆ వీడియో తీసినవారికి తెలియదు. ఆ విద్యార్థి ఎదురుగా ఉన్న మనమే తేల్చాలి, తేల్చడం నేర్చుకోవాలి.

ఇక తెలుగు మీడియం పిల్లల మాట. భూపాలపల్లి, ములుగు వైపు నుంచి వచ్చే పిల్లల్లో ఇంటికి ఒకటే ఫోన్ ఉన్నవారు, సిగ్నల్ కోసం ఊరి చివరికి నడిచేవారు ఉన్న మాట నిజం. అందుకే వీడియోతో పాటు తక్కువ సైజు ఆడియో, అచ్చు కాగితం, రెండు రోజుల గడువు ఉండాలని శిక్షణలో నేర్పుతారు. నేర్చుకోనివారే రాత్రి తొమ్మిదింటికి లైవ్ క్లాసు పెడతారు. పోతే, ఇలాంటి బోధన బయటి నుంచి వచ్చిన మోజు అని ఎవరైనా అంటే అది చరిత్ర తెలియకపోవడమే. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన రాష్ట్రంలోనే పుట్టింది, దాని తొలి ఉపకులపతి జి. రామ్‌రెడ్డి కరీంనగర్ జిల్లా నుంచి వచ్చినవారు. ఇవాళ అంబేద్కర్ పేరుతో ఉన్న ఆ విశ్వవిద్యాలయపు తెలుగు పాఠ్యపుస్తకం తీసి చూస్తే యూనిట్ మొదట్లో లక్ష్యాలు, నడుమ విద్యార్థి తనను తాను పరీక్షించుకునే ప్రశ్నలు ఉంటాయి. గదిలో ఉపన్యాసం చెప్పే అలవాటున్న అధ్యాపకులే ఎదుట లేని విద్యార్థి కోసం రాయడం నేర్చుకుని వాటిని రాశారు. గ్రూప్స్ పరీక్షలకు సిద్ధమయ్యేవారు ఆ పుస్తకాలను ఇప్పటికీ వెతికి కొంటారు. సందేశాన్ని పంపిన మిత్రుల్లోనే ఒకరి బల్ల మీద నేను ఆ పుస్తకాలు చూశాను.