అమ్మేసిన గిటారు గారికి

మహారాజశ్రీ ఎలక్ట్రిక్ గిటారు గారికి,

పాలకొల్లు పక్క పల్లె నుంచి తమరి పాత యజమాని నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ తమరు క్షేమమేనని అడక్కుండానే తెలుస్తోంది. శనివారం సాయంత్రం ఏడయ్యేసరికి కాలవ అవతల చర్చి మైకులోంచి తమరి గొంతు నీళ్ల మీదుగా జారుకుంటూ వచ్చి మా పెరట్లో పడుతోంది. నేను అన్నం ముందు కూర్చుని వింటున్నాను.

నా బాధ చిన్నదేనండి. తమరు నా దగ్గర రెండేళ్ల నాలుగు నెలలు ఉన్నారు. అన్నాళ్లలో ఒక్కపూటైనా ఇలా మోగలేదేం?

నేను కొబ్బరికాయ కొనాలన్నా చెవి దగ్గర పెట్టి ఆడించి చూసే రకం. పులస కొనే స్తోమత లేదు గానీ, కొనేవాడి పక్కన నిలబడి "మొప్పలెత్తి చూపించవయ్యా" అనే హక్కు మాత్రం ఎప్పుడూ వదులుకోలేదు. అలాంటివాణ్ణి తమరిని ఫోన్లో ఫొటో చూసి కొన్నాను. మధ్యలో తేనె రంగు, అంచుకి వచ్చేసరికి మాడిన బెల్లప్పాకం రంగు. ఇరవై రెండు ఫ్రెట్లు, మూడు పికప్‌లు, ఇరవై అయిదున్నర అంగుళాల స్కేలు అని కింద రాసుంది. ఆ అంగుళాలు ఎక్కణ్ణుంచి ఎక్కడికో కూడా నాకు తెలీదు. మన దగ్గర షాపుల్లో గిటార్లు లేవని కాదు. గోడకి ఎత్తున, పాలిథిన్ కవర్లో ఉంటాయి. "దింపమంటారా?" అని అడిగే గొంతులోనే "దింపితే కొనాలి" అన్న మాట వినపడిపోతుంది.

తమరు వచ్చిన మొదటి వారంలోనే మనకి పడలేదు. పన్నెండో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే మెట్టు) దగ్గర ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాల్సిన తీగలు మూడున్నర ఎత్తులో ఉండేవి. కింద నుంచి చీమలు బారులు తీరి పోవచ్చు. ఎఫ్ కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) కోసం ఆరు తీగలకీ అడ్డంగా వేలు వేసి పట్టుకుంటే చూపుడువేలి మీద ఆరు గీతలు పడేవి, మా మిల్లులో పద్దుల పుస్తకానికి కొట్టినట్టు. వేలు మీద పడ్డ గీతలు ఆరూ, మోగిన తీగలు మూడూ. ముసురు పట్టిందంటే తీగలకి తుప్పు, వేళ్లకి గోధుమరంగు మరక, ఆ చేత్తోనే పెరుగన్నం.

పైగా తమరిని స్పీకరుకి తగిలిస్తే ఆ గుంయ్ మనే మోత! మన కరెంటు సెకనుకి 50 సైకిళ్లు కదా, ఆ మోతలో దానికి రెట్టింపు 100 కూడా గట్టిగా వినపడుతుంది. తమరి లావు తీగ మూడో ఫ్రెట్ దగ్గర నొక్కితే వచ్చే జి స్వరం 98. అంటే మా వీధి ట్రాన్స్‌ఫార్మరు, చేపల చెరువులో గాలి చిలికే ఏరేటర్లు, తమరు, అందరూ కలిసి ఇంచుమించు ఒకే శ్రుతిలో ఉన్నారన్నమాట. నేనొక్కణ్ణే లేను.

దాంతో నాకో జబ్బు పట్టుకుంది. 'ఫీల్ లేదు' అనడం. ఎవరైనా "ఏదీ, ఓ పాట వాయించు" అంటే గిటారు వంక చూసి, పెదవి విరిచి, "ఫీల్ లేదండి దీనికి" అనేవాణ్ణి. ఎంత హాయైన మాటో! ఒక్కసారి అంటే చాలు, ఆ పూటకి వాయించక్కర్లేదు.

ఫీల్ వెతుక్కుంటూ నర్సాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదు వెళ్లాను. ఏసీ షాపులో పదకొండు గిటార్లు ఒళ్లో పెట్టుకున్నాను. లెస్ పాల్ అనే మోడల్ వాటం గిటారు నాలుగు కిలోల పైమాటే. మా అబ్బాయి పుట్టినప్పుడు అంత లేడు. దాని స్కేలు, అంటే తీగ మోగే పొడుగు, తమరి కంటే ముప్పావు అంగుళం పొట్టి, అందుకే అదే తీగ వేసినా కాస్త మెత్తగా లొంగుతుంది. టెలికాస్టర్ వాటం గిటారు తేలికే గానీ, చెక్క అంచు డొక్కలో పొడుచుకుంది. ఇది నా ఒక్కడి గోలే అనుకున్నాను. వాయించేవాళ్లు ఇదే గోల పెట్టారనే కదా, 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌కి డొక్క తగిలే చోట చెక్క లోపలికి చెక్కారు. టెలికాస్టర్‌కీ స్ట్రాటోకాస్టర్‌కీ తండ్రి లియో ఫెండర్‌కి గిటారు వాయించడమే రాదు, రేడియోలు బాగుచేసుకునే మనిషి. ఆ సంగతి తెలిశాక నాకు నా మీద కొంచెం గౌరవం పెరిగింది.

చివరికి ఓ నీలం గిటారు నచ్చింది. ఆ చల్లటి గదిలో దాని మెడ మీద చెయ్యి వెన్న మీద నడిచినట్టు నడిచింది. ఇరవై ఎనిమిది వేలు. తమరిని వదిలించుకోవాలి కదా, చేపల చెరువు మీద మేత వేసే కుర్రాడొకడు చర్చిలో వాయించుకుంటానంటే ఆరున్నర వేలకి ఇచ్చేశాను. మోపెడ్ మీద, రెండు మేత బస్తాల మధ్య కూర్చోబెట్టి తీసుకుపోయాడు. తమరు వెనక్కి తిరిగి చూసినట్టు నాకేమీ అనిపించలేదు.

శ్రావణం వచ్చింది. ఆ నీలం మెడా మా ఊరి తేమకి వంగింది. తీగలు లేచాయి. మళ్లీ అదే వేలు, అవే ఆరు గీతలు. అప్పుడే కాలవ అవతల తమరు మొదలుపెట్టారు.

ఓ ఆదివారం ఆగలేక వెళ్లి అడిగాను, ఏం చేశావురా దీన్ని అని. "ఏం చెయ్యలేదు బాబాయ్, తిప్పానంతే" అన్నాడు. తమరి మెడ లోపల ట్రస్ రాడ్ అని ఓ ఇనపకడ్డీ ఉంటుందిట. తీగలు మెడని ముందుకి లాగుతుంటే అది వెనక్కి పట్టి ఉంచుతుంది. గిబ్సన్ కంపెనీకి దాని మీద 1923లోనే పేటెంటు వచ్చింది. నూరేళ్ల నాటి సంగతి నాకు చేరడానికి మా కాలవ అడ్డొచ్చింది. మొదటి ఫ్రెట్టూ చివరి ఫ్రెట్టూ నొక్కి పట్టుకుంటే, మధ్యలో తీగ కింద విజిటింగ్ కార్డు దూరీ దూరనట్టు ఉండాలిట. వాడు అలెన్ కీ పెట్టి పావు చుట్టు తిప్పాడు. తర్వాత బ్రిడ్జి (ఒంటి మీద తీగలు ఆనే పట్టీ) దగ్గర చిన్న మరలు తిప్పి తీగలు దించాడు, పదో నంబరు తీగల సెట్టు పీకేసి ఇంకాస్త సన్నటి తొమ్మిది వేశాడు. అయిపోయింది. ఆ కీ తమరిని కొన్న రోజు నుంచీ తమరి సంచి జిప్పు అరలోనే ఉంది. దాంతో నేను మా వాడి సైకిలు హ్యాండిల్ బిగించి, జాగ్రత్తగా మళ్లీ అరలోనే పెట్టేవాణ్ణి.

మోత సంగతి ఏరేటర్ మోటార్లు చుట్టే ఆయన చూశాట్ట. నమ్మకం కుదరక నీలం గిటారు పట్టుకుని నేనూ వెళ్లాను. బల్ల మీద కాలిపోయిన మోటారు పక్కకి జరిపి, లుంగీకి చేతులు తుడుచుకుని, ప్లాస్టిక్ రేకు విప్పి, తీగల కదలికని కరెంటుగా మార్చే పికప్‌ని టార్చి వేసి చూశాడు. అయస్కాంతం చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రాగితీగ, ఏడెనిమిది వేల చుట్లు. "ఆయ్, ఇది మా మోటారుకి మనవరాలండి" అన్నాడు. తమరికి బ్రిడ్జి దగ్గర ఎర్త్ వైరు ఊడిపోయి ఉందిట, ఓ చుక్క సీసం పెట్టి అతికాడు. మామూలుగా తీగల మీద చెయ్యి వేస్తే మోత తగ్గాలి. తమరికి తగ్గేది కాదు, నేనది తమరి స్వభావం అనుకున్నాను. మరి ఈ నీలందానికేం జబ్బని అడిగితే, "దీనికేం లేదండి. మీ ఇంట్లో ప్లగ్గుకి ఎర్తింగ్ ఉందా?" అన్నాడు. లేదు.

మా పాలకొల్లులోనే 1969లో పుట్టిన మాండొలిన్ విద్వాంసులు యు. శ్రీనివాస్ గారి సంగతి తమరికి తెలిసే ఉంటుంది, దగ్గర చుట్టరికం. మామూలు మాండొలిన్‌కి నాలుగు జంటలు, ఎనిమిది తీగలు. జంట తీగల మీద గమకం లాగడం కష్టం. ఆయన జంటలు విడగొట్టి ఒంటి తీగలు పెట్టి, అయిదో తీగ కలిపి, కరెంటు వాయిద్యం మీద కర్ణాటక కచేరీలు చేశారు. ఎనిమిది తీగల మాండొలిన్‌కి ఫీల్ లేదని ఇంట్లో కూర్చోలేదు. ఈ మాట నాకు మా పెద్దమ్మ చెప్పింది, వీణ మెట్ల కింద మైనం సర్దించుకుంటూ, నా వంక చూడకుండా.

అయినా ఒక్క విషయంలో నేను తగ్గను. తీగల ఎత్తు మార్చొచ్చు, తీగలే మార్చొచ్చు, మెడ లావు మాత్రం ఏ స్క్రూడ్రైవరూ మార్చలేదు. కొనేముందు అరచేత్తో పట్టి చూడాల్సింది అదొక్కటే. తమరి మెడ దూలమని నేను ఊరంతా చెప్పాను. తీరా చూస్తే ఆ కుర్రాడి చెయ్యి నా చేతిలో ముప్పాతిక ఉంటుంది. బొటనవేలు మెడ వెనక నడిమధ్యలో పెట్టుకుని, ఆ దూలం మీద ఉడతలా తిరుగుతున్నాడు. నేను బొటనవేలు పైనుంచి వేసి పట్టుకునేవాణ్ణి. ఫొటోల్లో అలాగే ఉంటుంది మరి.

"ఓసారి వాయించి చూడు బాబాయ్" అని తమరిని నా ఒళ్లో పెట్టాడు. ఎఫ్ పట్టాను. ఆరు తీగలూ మోగాయి. తమరికి సిగ్గనిపించలేదా?

అందుకని అసలు విషయం మనవి చేసుకుంటున్నాను. కుర్రాణ్ణి తమరి ధర అడిగాను. పన్నెండు వేలంటున్నాడు. ఆరున్నరకే కదరా ఇచ్చానంటే, "అప్పుడు ఫీల్ లేదు కదా బాబాయ్" అన్నాడు. నేను తొమ్మిది దగ్గర ఆగాను. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మళ్లీ బేరానికి వస్తున్నాను. పాత పరిచయం కొద్దీ అడుగుతున్నాను, ఆ ఒక్క పూటా ఆ ఎర్త్ వైరు కాస్త వదులు చేసుకుని, రెండు పాటలైనా గట్టిగా గుంయ్ మనండి. వెయ్యో రెండు వేలో దిగుతాడు.

ఇట్లు,
తమరి పాత యజమాని

తా.క.: నీలం గిటారుకి ఈ ఉత్తరం సంగతి తెలీదు. తెలియనివ్వకండి.