అంకుల్‌కి పార్సెల్ వచ్చింది

బెంగళూరు మహదేవపురలో మా అబ్బాయి ఫ్లాట్‌లో ఐదుగురం ఉంటాం: మేమిద్దరం, వాళ్లిద్దరు, యూకేజీ చదివే మనవరాలు. బాత్‌రూములు రెండు. ఇలాంటి ఇంట్లో ఏదైనా దాచుకోవాలంటే ఎంత కష్టమో మీకు వేరే చెప్పక్కర్లేదు. దాచాల్సింది సిగరెట్ పెట్టె అయితే ఏదో తంటాలు పడొచ్చు, తలగడంత ఉంటే ఎక్కడ పెడతాం చెప్పండి?

సంగతేంటంటే, రిటైరై ఒంగోలు వదిలి ఇక్కడికొచ్చాక నాకు ప్రోస్టేట్ ఆపరేషన్ అయింది. బాగానే జరిగింది. కొన్నాళ్లు మూత్రం మీద అదుపు సరిగ్గా ఉండదు, దగ్గినా తుమ్మినా బరువెత్తినా కాస్త పడుతుంది, చాలామందికి నెమ్మదిగా తగ్గిపోతుంది, అంతవరకు డైపర్ వాడండి అన్నారు డాక్టరుగారు. ఆయన రాసిన చీటీలో మందుల పేర్లు ఒక్కటీ అర్థం కాలేదు గానీ, అడల్ట్ డైపర్ అన్న రెండు ముక్కలు మాత్రం ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు, ఎందుకో మరి.

మొదట్లో ఇంట్లో అందరికీ తెలుసు, అందరూ జాలిగానే ఉన్నారు. వచ్చిన చిక్కల్లా ఆ జాలితోనే. ఒకరోజు టిఫిన్ దగ్గర మా కోడలు, బంగారు తల్లి, ఇడ్లీ వడ్డిస్తూ "మామయ్యా, లీకేజీ తగ్గిందా?" అని అడిగింది. ఎదురుగా వంటమనిషి ఉంది, నీళ్ల ఫిల్టర్ బాగుచేయడానికొచ్చిన కుర్రాడు ఉన్నాడు. అతనూ మనవాడే, చిత్తూరు వైపు. తనని అడిగిందనుకుని "ఎక్కడ తగ్గింది మేడమ్, వాషర్ మార్చాల్సిందే" అన్నాడు. ఆ పూటే నాకు పూర్తిగా నయమైపోయిందని ఇంట్లో ప్రకటించేశాను.

ప్రకటన అయితే చేశాను గానీ ఒళ్లు దాన్ని ఖాతరు చేయలేదు.

మా వీధి చివర మందుల షాపులో కొంటే సాయంత్రానికల్లా అపార్ట్‌మెంట్ అంతా పాకుతుందని మారతహళ్లి వెళ్లాను. మనల్ని ఎవరూ గుర్తుపట్టరని మారతహళ్లి వెళ్లిన తెలుగువాణ్ణి బహుశా నేనొక్కణ్ణే అయ్యుంటాను, అక్కడ చెయ్యి చాపితే నెల్లూరాయనో కడపాయనో తగులుతాడు. కౌంటర్లో కుర్రాడి దగ్గర గొంతు తగ్గించి "తమ్ముడూ, పెద్దవాళ్లు వాడతారే..." అని నసిగాను. "చ్యవన్‌ప్రాశా అంకుల్?" అన్నాడు. కాదని చీటీ చూపించాను. అంతే, అటక మీదున్న వాడికి వినపడేలా "ఒరేయ్, అడల్ట్ డైపర్ ఒకటి కింద పడెయ్!" అని అరిచి, నావైపు తిరిగి "టేపుదా, ప్యాంటుదా? పేషెంట్ లేచి తిరుగుతారా, మంచం మీదేనా?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే, కాదనను. మంచం పట్టినవాళ్లకి పక్కకి తిప్పి కట్టడానికి వీలుగా టేపులది, తిరిగేవాళ్లకి చెడ్డీలా తొడుక్కునేది. తిరిగే పేషెంట్ తన ఎదురుగానే నిలబడ్డాడని చెప్పడానికి నోరు రాక "మా పెద్దనాన్నగారికి, బాగానే తిరుగుతారు" అన్నాను. "నడుమెంత ఉంటుంది ఆయనకి?" "ఇంచుమించు నా అంత." వెనక నిలబడ్డవాళ్లంతా ఒక్కసారి నా నడుము వైపు చూశారు.

కవర్ అడిగితే లేదన్నాడు. కర్ణాటకలో ప్లాస్టిక్ సంచులు 2016లోనే నిషేధించారు, పూల దగ్గరా కూరల దగ్గరా ఆ నిషేధం నాకెప్పుడూ కనపడలేదు గానీ ఆ షాపులో మాత్రం నిష్ఠగా పాటిస్తున్నారు. ఆ ప్యాకెట్ చంకలో పెట్టుకుని రింగ్ రోడ్డు మీద బస్సెక్కాను. 2023లో శక్తి పథకం వచ్చి ఆడవాళ్లకి టికెట్ తీసేశాక బస్సులో కాలు పెట్టే చోటుండదు. ఒళ్లో ప్యాకెట్, దాని మీద తెల్లజుట్టు దంపతుల నవ్వు మొహాలు. బోర్లా తిప్పితే ఆ పక్కన డైపర్ ఎలా తొడుక్కోవాలో బొమ్మలు. మళ్లీ దంపతుల్నే పైకి తిప్పుకున్నాను.

మధ్యలో ఒక మాట, దీనికి వ్యాయామం కూడా ఉంది. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు 1948లో కాన్పు అయిన ఆడవాళ్ల కోసం చెప్పాడట, ఇప్పుడు మగాళ్లకీ చెప్తున్నారు. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాల్ని ఊరికే కూర్చుని కాసేపు బిగించడం, వదలడం. ఎక్కడైనా చేసుకోవచ్చు, ఎవరికీ తెలియదు అన్నారు డాక్టరుగారు. నేను బిగిస్తే కనుబొమలు కూడా పైకి పోతాయని ఆయనకి తెలియదు పాపం. సోఫాలో కూర్చుని మొదలుపెట్టగానే మా ఆవిడ వామువాటర్ తెచ్చి ముందు పెట్టేది. కాఫీ, టీలు మూత్రాశయాన్ని రేపుతాయి, తగ్గించుకోండి అని కూడా చెప్పారు. మంచినీళ్లు మాత్రం మానకండి, మానితే మూత్రం చిక్కబడి ఇంకా ఇబ్బంది అన్నారు. నీళ్లు మానలేదు. బెంగళూరులో ఉంటూ ఫిల్టర్ కాఫీ మానడం అయ్యే పనేనా?

ఇక బస్సు ప్రయాణాలు నావల్ల కాదని ఆన్‌లైన్లో పడ్డాను. పది నిమిషాల్లో తెచ్చే యాప్ ఉంది కదా. ఇంట్లో అందరికీ ఖాతా ఒకటే, కోడలి పేరు మీద. డబ్బు డెలివరీ కుర్రాడికి చేతికిస్తే ఎవరికీ తెలియదనుకున్నాను. మర్నాడు కోడలు కొత్తిమీర కోసం యాప్ తెరిచేసరికి, మీరు ఇంతకుముందు కొన్నవి అంటూ కొత్తిమీర, పెరుగు, నడుమ నా డైపరు వరుసగా నిలబడ్డాయి. "ఈ యాప్ వాళ్లకి పిచ్చి పట్టింది మామయ్యా" అంది. అవునమ్మా, మరీ చోద్యంగా ఉంది అన్నాను.

అసలు తంటా గేటు దగ్గర. ఎవరొచ్చినా గేటు యాప్ ఇంట్లో అందరి ఫోన్లూ ఒకేసారి మోగిస్తుంది, ఆఫీసులో మీటింగులో ఉన్న మా వాడి ఫోను కూడా. ఒకసారి అది పనిచేయక సెక్యూరిటీ కుర్రాడు ఇంటర్‌కమ్‌లో చేశాడు. ఒడిశా అబ్బాయి, చాలా మర్యాదస్తుడు. మా మనవరాలు స్పీకర్ నొక్కింది. "అంకుల్ కా పార్సెల్ ఆయా హై, డైపర్ హై" అని ఇల్లంతా మారుమోగింది. పిల్ల ఎగిరి గంతేసి "తాతయ్యా, మనింటికి చిన్న పాప వస్తుందా?" అంది. మా ఆవిడ చేతిలో గరిటె అలాగే పట్టుకుని కోడలి వైపు చూసింది, ఆ కళ్లలో ఎంత ఆశో! "నన్ను చూడకండి అత్తయ్యా!" అని కోడలు గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. పక్క బ్లాకు వాళ్లదయ్యుంటుందిలే, పొరపాటున మనకి చేశాడు అని నేను సర్దిచెప్పాను. చీకటి పడ్డాక వాకింగ్ పేరుతో కిందికి దిగి తెచ్చుకున్నాను.

ఆ రాత్రే ఆ కుర్రాడితో ఒప్పందం: నా పేరుతో ఏదొచ్చినా నీ గదిలో పెట్టు, ఇంటర్‌కమ్ ముట్టుకోకు. నా హిందీకి అతనికి ఎంత అర్థమైందో గానీ, నెల రోజులు సాఫీగా సాగింది. తర్వాత ఒక సాయంత్రం వెళ్లి అడిగితే బల్ల కింది నుంచి రెండు కట్టలు తీసి ముందు పెట్టి, చాలా మామూలుగా అడిగాడు: "అంకుల్ వాలా దూఁ, యా ఆంటీ వాలా?"

నాకు వెంటనే వెలగలేదు. అక్కడే ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డాక ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తుమ్ము వస్తే మా ఆవిడ ఎక్కడున్నా గభాలున కూర్చుంటుంది. నేను జోకేస్తే "నన్ను నవ్వించకండి, చచ్చి మీ కడుపున పుడతా" అని చీర కుచ్చిళ్లు పట్టుకుని పరిగెడుతుంది, నా హాస్యానికి అంత బలం ఉందని ఇన్నేళ్లూ మురిసిపోయానే! ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఎప్పటికి బయటపడతామో తెలియని సిల్క్ బోర్డు కూడలి మీదుగా చుట్టాలింటికి వెళ్దామంటే ఏదో ఒక నొప్పి. కాన్పులయ్యాక, వయసు మళ్లాక ఆడవాళ్లలో ఇది మామూలేనట, చాలామంది బయటికి చెప్పరట. మా ఆవిడైతే గేటు దాకా వెళ్లి కొత్తిమీర తెస్తానని చెప్పి ఉత్త చేతులతో వచ్చేది, బాగా లేదండీ వాడిపోయింది అంటూ.

నేను ఏమీ అడగలేదు. ఆంటీ వాలా అక్కడే వదిలి అంకుల్ వాలా పట్టుకొచ్చాను.

కొనడం ఒక ఎత్తు, పారేయడం ఇంకో ఎత్తు. బెంగళూరులో చెత్తని మూడు రకాలుగా విడదీయమని 2015 చివర్లో హైకోర్టు ఆదేశించింది: తడిది ఆకుపచ్చ డబ్బాలో, పొడిది సంచిలో, డైపర్ల లాంటివి ఎర్ర డబ్బాలో. అదీ ఊరికే వేయకూడదు, పాత పేపర్లో చుట్టి పైన ఎర్ర గుర్తు పెట్టాలి, ఏరేవాళ్లు తెలియక విప్పకుండా. న్యాయమైన నియమమే. మనవరాలి స్కెచ్ పెన్ను కాజేసి నేను శ్రద్ధగా పెట్టేవాణ్ణి. ఆ స్కెచ్ పెన్ను అంత త్వరగా ఎందుకు అరిగిపోతోందో మాత్రం తెలిసేది కాదు.

ఇంతలో అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫొటో పడింది. పొడి చెత్త సంచిలో దొరికిన పొట్లం, మీద ఎర్ర ఇంటూ మార్కు, ఇది ఏ ఫ్లాట్‌దో దయచేసి చెప్పండి, ఎర్ర డబ్బాలో వేయండి అని కమిటీ వారి విన్నపం. పొట్లం చుట్టింది తెలుగు పేపరు, రాశిఫలాల పేజీ. బ్లాకులో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు గానీ అందరూ ఫోన్లలో చదువుకునేవాళ్లే, పేపరు వేయించుకునేది మేమొక్కళ్లమే. కన్యారాశికి ఆకస్మిక ధనలాభం అని ఫొటోలో స్పష్టంగా కనపడుతోంది.

నేను ఆవిణ్ణి చూశాను, ఆవిడ నన్ను చూసింది. ఆ పొట్లం ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. కోడలు మాత్రం ఎవర్నీ ఏమీ అనకుండా గ్రూపులో "మాదేనండీ, రేపట్నుంచి చూసుకుంటాం" అని పెట్టేసి, ఫోనుతో వచ్చి మా ఇద్దరి మధ్యా కూర్చుంది. "నెలనెలా వచ్చేలా పెట్టేస్తున్నా. మామయ్యా, మీది ఎల్ కదా?"

"ఎల్లా?" అంది మా ఆవిడ. "ఆయన నడుము నాకు తెలియదా, ఎక్స్‌ఎల్ పెట్టమ్మా. నాది ఎమ్. రెండూ కలిపి తీసుకుంటే కొత్తిమీర ఊరికే ఇస్తారేమో చూడు."